టామ్‌వర్త్‌కు దక్కని రెండో మ్యాచ్

2025 జనవరి 12, ఆదివారం. ఇంగ్లండ్‌లో ఎఫ్ఏ కప్ ఫుట్‌బాల్ పోటీ మూడో రౌండ్. టామ్‌వర్త్ సొంత మైదానంలో తొంభై నిమిషాలు గడిచేసరికి స్కోరు 0-0. ఎదురుగా ఉన్నది అన్నిటికన్నా పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ జట్టు టాటెన్‌హామ్. టామ్‌వర్త్ ఆడేది ఐదో అంచెలో. వాళ్ల గోల్‌కీపర్ జస్ సింగ్ వృత్తిరీత్యా బిల్డింగ్ సర్వేయర్. అంతకు ముందు సీజన్ వరకూ ఉన్న నియమమే ఉంటే ఆ మ్యాచ్ అక్కడితో ఆగేది. కొన్ని రోజుల తర్వాత అరవై వేల మందికి పైగా పట్టే టాటెన్‌హామ్ స్టేడియంలో వాళ్లు మళ్లీ తలపడేవారు. ఆ నియమం తీసేశారు కాబట్టి అరగంట అదనపు సమయం ఆడించారు. బెంచ్ మీద నుంచి టాటెన్‌హామ్ స్టార్లు సన్, కులుసెవ్‌స్కీ దిగారు. టాటెన్‌హామ్ 3-0తో గెలిచింది.

ఇలా సమంగా ముగిసిన మ్యాచ్‌ను రెండో జట్టు మైదానంలో మళ్లీ ఆడించడాన్నే రీప్లే అంటారు. ఎఫ్ఏ కప్‌లో రీప్లే తీసేయడం తప్పు అని నా గట్టి అభిప్రాయం. క్రికెట్ చూస్తూ పెరిగి ఈ దేశం వచ్చిన మనలో చాలామందికి ఈ కప్ పద్ధతి కొత్త. అందుకే ముందు అది చెబుతాను.

1871లో మొదలైన ఈ పోటీ ప్రపంచంలోని జాతీయ ఫుట్‌బాల్ పోటీలన్నిటిలోకీ పాతది. ఇప్పుడు ఏటా 700కు పైగా క్లబ్బులు ఇందులో ఆడుతున్నాయి. ఓడితే ఇంటికే. చిన్న క్లబ్బులు ఆగస్టులోనే మొదలుపెడతాయి. ఆరు అర్హత రౌండ్లు దాటి 32 క్లబ్బులు మిగిలాక, మూడు, నాలుగు అంచెల్లోని 48 క్లబ్బులు వచ్చి కలుస్తాయి. రెండు రౌండ్లలో ఆ 80 కాస్తా 20 అవుతాయి. జనవరిలో, మూడో రౌండ్‌లో, పై రెండు అంచెల 44 క్లబ్బులు దిగుతాయి. అప్పుడు మొత్తం 64. అక్కడి నుంచి ప్రతి రౌండ్‌కీ సగం తగ్గుతూ ఫైనల్ దాకా వెళ్తుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే పద్ధతి. సీడింగ్ లేదు. పెద్ద జట్లను వేరువేరుగా పెట్టడం లేదు. అంకెలు వేసిన బంతుల్లోంచి ఒక్కొక్కటీ తీస్తారు. ముందు వచ్చిన క్లబ్‌కు సొంత మైదానం, తర్వాత వచ్చినది దాని ప్రత్యర్థి. 2021లో ఎనిమిదో అంచె క్లబ్ మరీన్‌కు ఇలాగే టాటెన్‌హామ్ తగిలింది. కోవిడ్ వల్ల ప్రేక్షకులను రానివ్వని రోజులవి. అయినా లోపలికి వెళ్లే వీలులేని ఆ మ్యాచ్‌కు 30,000కు పైగా టికెట్లు కొన్నారు అభిమానులు! మరీన్ 5-0తో ఓడింది, కానీ ఆ డబ్బు క్లబ్‌కు మిగిలింది.

చిన్న క్లబ్బుకు ఈ కప్ ఇచ్చేది అదే. టికెట్ల రాబడిలో రెండు జట్లకూ సమాన వాటా ఉంటుంది కాబట్టి, పెద్ద స్టేడియంలో ఒక్క మ్యాచ్ దొరికినా గండం గట్టెక్కొచ్చు. 2005లో ఎక్సెటర్ సిటీ ఐదో అంచెలో, అప్పుల్లో ఉంది. నడిపేది అభిమానుల ట్రస్టు. మాంచెస్టర్ యునైటెడ్‌ను వాళ్ల మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 0-0తో ఆపింది. రీప్లేలో 2-0తో ఓడింది, అయినా ఆ రెండు మ్యాచ్‌ల రాబడి అప్పులు తీర్చుకోవడానికి పనికొచ్చింది.

డబ్బే కాదు. 1972లో నాన్-లీగ్ (పై నాలుగు అంచెలకు బయట ఉండే) జట్టు హెరెఫర్డ్, పెద్ద జట్టు న్యూకాజిల్‌ను వాళ్ల మైదానంలో 2-2తో ఆపి, సొంత ఊళ్లో బురద మైదానం మీద రీప్లే ఆడింది. వడ్రంగి పని చేసే రానీ రాడ్‌ఫర్డ్ దూరం నుంచి కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది, అదనపు సమయంలో రికీ జార్జ్ గెలిపించాడు. ఈ కప్ గురించి ఎక్కడ మాట వచ్చినా ఇప్పటికీ ఆ గోల్ చూపిస్తారు. ఆ గోల్ పడింది రీప్లేలోనే.

2024 ఏప్రిల్‌లో, అర్హత రౌండ్ల తర్వాత వచ్చే మొదటి రౌండ్ నుంచీ రీప్లేలు రద్దని ప్రకటించారు. తమను ఎవరూ సంప్రదించలేదని కింది అంచెల క్లబ్బులు చాలా బహిరంగంగానే అన్నాయి. యూరప్ పోటీల్లో మ్యాచ్‌లు పెరిగాయి, ఆటగాళ్లు అలసిపోతున్నారన్నది ప్రధాన కారణం. అలసట నిజమే, నేను కాదనను. కానీ ఆ నిర్ణయం వచ్చిన నెలకే, లీగ్ ముగిసిన మూడో రోజున, టాటెన్‌హామ్, న్యూకాజిల్ మెల్‌బోర్న్ వెళ్లి స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి. దానికి దొరికిన సమయం టామ్‌వర్త్‌కు ఎందుకు దొరకదు?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సీజన్ రెండో రౌండ్‌లో తమకన్నా పై అంచెలో ఉన్న బర్టన్ మీద టామ్‌వర్త్ గెలిచింది, అదనపు సమయంలోనూ తేలక, పెనాల్టీ కిక్‌లతోనే. అంటే కొత్త నియమం వాళ్లకూ ఒకసారి పనికొచ్చింది. అందుకే అన్ని రీప్లేలూ వెనక్కి తేవాలని నేను అడగడం లేదు. మూడో రౌండ్‌లో, పై రెండు అంచెల్లో లేని క్లబ్ ప్రీమియర్ లీగ్ జట్టును తొంభై నిమిషాలు ఆపగలిగితే, దానికి రెండో మ్యాచ్ ఇవ్వాలి. ఏడాదికి అలాంటివి ఎన్నో రావు. వచ్చిన ఏడాది, సర్వేయర్ ఉద్యోగం చేసే ఒక గోల్‌కీపర్ పనికి సెలవు పెట్టి అరవై వేల మంది ముందు నిలబడతాడు.