తడి తువ్వాలుతో మంటల్లోకి పొమ్మనే ఆడియోకు జవాబు

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. కొత్త ఫైర్‌మన్‌కు పాతవాళ్ళ సలహాలట. అందులో ఉన్నవి ఐదు మాటలు. మొహానికి తడి తువ్వాలు చుట్టుకుంటే పొగ ఏమీ చేయదు. కోటు తడుపుకుని పోతే వేడి తగలదు. బీఏ సెట్ (వీపున మోసే గాలి సిలిండర్, దానికి తగిలించిన మాస్క్) తగిలించుకుంటే ముప్పావు గంట నిశ్చింత. మసి పట్టిన కోటే అనుభవానికి గుర్తు, ఉతకొద్దు. భయపడేవాడు ఈ పనికి పనికిరాడు. చెప్పే గొంతులో నమ్మకం ఉండడంతో డ్యూటీలో కొత్తగా చేరిన పిల్లలు ఇదంతా నిజమనుకుంటున్నారు. ఈ పనిలోనే ఏళ్ళు గడిపినవాడిగా వాళ్ళకు జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

తువ్వాలు మాటతో మొదలుపెడతా. తడిగుడ్డ మసిని కొంతవరకు ఆపుతుంది. అంటుకున్న ఇంట్లోంచి బయటికి పరిగెత్తే మనిషికి ఆ కాసేపు గొంతు మంట తగ్గొచ్చు. లోపలికి పోయి పనిచేయాల్సిన ఫైర్‌మన్‌ను పడేసేది మాత్రం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, ఎన్ని మడతల తడిగుడ్డ చుట్టినా ఆగదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో మంటలార్పినవాళ్ళను అడగండి. పత్తి బేలు పైకి ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. మంట కనపడదు. గాలి సరిగా ఆడక కాలే అలాంటి చోటే ఈ విషవాయువు ఎక్కువగా పుడుతుంది. మొదట తలనొప్పి, తర్వాత కడుపులో తిప్పడం, ఆ తర్వాత తానేం చేస్తున్నాడో తనకే తెలియదు. బయటికొచ్చాక వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించిందని ధైర్యపడొద్దు. రక్తంలో ఉన్నది ఆక్సిజనో, ఈ విషవాయువో మామూలు ఆక్సీమీటర్ తేడా పట్టలేదు. తల తిరుగుతుంటే నేరుగా ఆసుపత్రికి పోయి, పొగ పీల్చానని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

కోటు తడపడం కూడా అలాంటి సలహానే. కోటు పొరల మధ్య నిలిచిన గాలే వేడిని అడ్డుకుంటుంది. ఆ చోటును నీళ్ళతో నింపితే, నీళ్ళు గాలికన్నా 20 రెట్లకు పైగా సులువుగా వేడిని లోపలికి చేరవేస్తాయి. పైగా అవి మరిగి ఆవిరైతే మంట తగలకుండానే చర్మం కాలిపోతుంది. తడి గ్లౌజులకూ ఇదే వర్తిస్తుంది. కోటు కింద ఏం వేసుకున్నామన్నదీ చూసుకోవాలి. మే నెల ఎండకు త్వరగా ఆరుతాయని చాలామంది పాలిస్టర్ టీషర్టులు వేసుకొస్తున్నారు. పాలిస్టర్ 250 డిగ్రీల చుట్టుపక్కల కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు బనియన్ వేసుకోండి తమ్ముళ్ళూ, చెమట పట్టినా పర్వాలేదు.

బీఏ సెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ముప్పావు గంట మాట లెక్కప్రకారం తప్పు కాదు. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ప్రెషర్‌తో గాలి నింపితే సుమారు 1,800 లీటర్లు. నిమిషానికి 40 లీటర్లు పీల్చితే 45 నిమిషాలు. అయితే హోస్ (నీళ్ళ పైపు) లాక్కుంటూ, మెట్లెక్కుతూ, మనిషిని మోస్తూ ఉంటే నిమిషానికి 40తో సరిపోదు. 80 పీల్చేవాడికి 23 నిమిషాలు కూడా రాదు. అందులోనూ చివరి 50 బార్ ఖర్చుకు కాదు, అది ప్రాణం కోసం దాచినది. గాలి అయిపోవస్తోందని సెట్ మోగించే విజిల్ వినపడ్డాక తిరుగుదామనుకోవద్దు. లోపలికి పోవడానికి ఎంత గాలి పట్టిందో, రావడానికీ అంత పడుతుంది. గేజ్ చూస్తూ పోవాలి, విజిల్ మోగేసరికి బయట ఉండాలి.

డ్యూటీ మారగానే సెట్ మీరే చూసుకోండి. వాల్వ్ తెరిచి గేజ్ చూడాలి. మూసేసి ఒక నిమిషం ఆగి, ముల్లు పడిపోతోందా గమనించాలి. తర్వాత గాలి మెల్లగా వదిలి, విజిల్ మోగుతోందా వినాలి. మాస్క్ పెట్టుకుని గాలి వచ్చే దారి అరచేత్తో మూసి పీల్చితే మాస్క్ మొహానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు, సందులోంచి పొగ వస్తుంది. ఫ్యాషన్ ఎంత ముచ్చటైనా డ్యూటీ రోజు గడ్డం గీసుకోవాల్సిందే.

మసి కోటు విషయంలో ఒక్కటే చెబుతా. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ఫైర్‌ఫైటర్ల వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ గ్రూపులోనే. ఆ కోటును ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలపొద్దు. స్టేషన్‌లోనే దులిపి, కడిగి ఆరేయండి.

ఇక భయం. ఆ ఆడియోలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాటే. దాన్ని నమ్మిన కుర్రాడు భయమేసినా బయటికి చెప్పడు. టెన్షన్‌లో గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది, పక్కవాడు అరిచినా చెవికెక్కదు. సిలిండర్ కూడా అంత వేగంగా ఖాళీ అవుతుంది. నేను చూసిన మంచి ఫైర్‌మన్లు అందరికీ భయం ఉండేది. బండి దిగేముందు జోడీవాడి హెల్మెట్ పట్టీ, మాస్క్, గేజ్ చూసేవాళ్ళు, తమవి అతనితో చూపించుకునేవాళ్ళు. చేతికి పని దొరికితే మనసు కుదుటపడుతుంది. ఊపిరి తీసుకున్నదానికన్నా నిదానంగా వదలడం డ్రిల్ రోజుల్లోనే అలవాటు చేసుకోండి. పొగలో దారి తప్పితే నిలబడి పరిగెత్తొద్దు. వేడి పైన ఉంటుంది కాబట్టి నేలకు వంగి, హోస్ వదలకుండా దాని వెంబడే వెనక్కి రండి.

"మాకు సెట్ బాగాలేదు, తువ్వాలు కట్టుకోక ఏం చేయాలన్నా?" అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. సెట్ చెడిపోతే రిజిస్టర్‌లో రాయించండి, ఆఫీసర్‌కు మొహం మీదే చెప్పండి. మంచి సెట్ వచ్చేదాకా పొగలోకి పోవద్దు. కిటికీలోంచో తలుపు దగ్గర నుంచో నీళ్ళు కొట్టండి, పక్క ఇళ్ళకు మంట అంటుకోకుండా తడపండి, పక్క స్టేషన్ బండిని పిలిపించండి.