కెడావర్ అంటే పురుగులకేసిన మాంసం కాదండీ బాబూ

ఏడాదికోసారైనా ఎవరో ఒకరు ఈ ఫార్వర్డ్ పంపిస్తారు. శవాన్ని ఇంగ్లీషులో కెడావర్ అంటారు కదా, అది మూడు లాటిన్ మాటల పొడి అక్షరాలట. కారో డాటా వెర్మిబుస్, అంటే పురుగులకిచ్చిన మాంసం. కా, డా, వెర్ కలిపితే మాట తయారు! వినడానికి భలే ఉంటుంది, పైగా కాస్త వేదాంతం కూడా కలిసింది కాబట్టి జనం చేతులెత్తి దణ్ణం పెట్టే బొమ్మ పెట్టేసి ఇంకో పదిమందికి పంపిస్తారు. కానీ శుద్ధ అబద్ధం. మాట పుట్టిన ఎన్నో వందల ఏళ్ల తర్వాత ఎవరో తీరిగ్గా కూర్చుని అల్లిన కథ అది.

అసలు సంగతి ఇంకా సింపుల్. లాటిన్‌లో కాడెరె అంటే పడిపోవడం. ఏడో శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్‌లో ఇసిడోర్ అని ఒక బిషప్ ఉండేవాడు, మాటల పుట్టుక మీద లావుపాటి గ్రంథమే రాశాడు, అందులో సగం నోటికొచ్చిన ఊహలే అనుకోండి, కానీ దీని విషయంలో మాత్రం కరెక్టుగా చెప్పాడు: ఇక నిలబడలేదు, పడిపోయింది, కాబట్టి కెడావర్. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది చెప్పేదీ అదే. ఇంకో తమాషా ఏమిటంటే యాక్సిడెంట్, కేసు కూడా ఆ కాడెరె పిల్లలే. రోజూ పేపర్లో చదివే ‘యాక్సిడెంట్ కేసు’లో రెండు మాటలూ కెడావర్‌కి చుట్టాలన్నమాట. ఇంత మంచి నిజం చేతిలో ఉండగా పురుగుల కథ ఎందుకండీ?

శవానికి ఇంగ్లీషులో ఉన్న ఇంకో మాట కార్ప్స్, దానిది వేరే వంశం. లాటిన్ కార్పస్, అంటే ఒళ్లు, ప్రాణం ఉన్నా లేకపోయినా. మన కోర్టుల్లో వేసే హెబియస్ కార్పస్ పిటిషన్‌లో ఉన్నది ఆ కార్పసే, అక్కడ అడిగేది బతికున్న మనిషినే. పాత ఇంగ్లీషులో కార్ప్స్ అన్నా బతికున్న ఒళ్లు కావచ్చు, అందుకే 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ‘డెడ్ కార్ప్సెస్’ అని రాసుకున్నారు. కాబట్టి ‘డెడ్ బాడీ అంటారేంటి, బాడీ అంటే చాలదా’ అని మనవాళ్లని వెక్కిరించే ఇంగ్లీషు మేధావులు కొంచెం ఆగాలి. మున్సిపల్ కార్పొరేటర్ గారు కూడా ఈ వంశమే, ఆయనకి చెప్పకండి.

ఇప్పటి వాడుకలో కార్ప్స్ అంటే క్రైమ్ కథల్లో దొరికే శవం. కెడావర్ డాక్టర్ల మాట, కోసి నేర్చుకోవడానికి బల్ల మీద పెట్టినది. అక్కడ ఆ మాట మీద నాకే అభ్యంతరమూ లేదు. ఎంబీబీఎస్ ఫస్టియర్ పిల్లల చేత ఇప్పుడు కెడావరిక్ ఓత్ అని ప్రమాణం కూడా చేయిస్తున్నారు, ఆ శరీరమే మీ మొదటి గురువు అని చెబుతూ. చాలా మంచి పద్ధతి.

నా గొడవంతా అవయవదానం దగ్గర. జీవన్‌దాన్ లాంటి ప్రభుత్వ పథకం పేరు పక్కన కూడా ‘కెడావర్ ట్రాన్స్‌ప్లాంటేషన్’ అనే ఉంటుంది. ఒక్కసారి ఆ ఐసీయూ ఊహించుకోండి. బ్రెయిన్ డెడ్ అని డాక్టర్లు తేల్చారు, కానీ వెంటిలేటర్ మీద ఛాతీ లేస్తూ పడుతూనే ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది, మానిటర్‌లో గుండె కొట్టుకుంటోంది. ఆ పిల్లాడి తల్లి దగ్గరికొచ్చి సంతకం అడిగే కాగితంలో కెడావర్ అని ఉంటే ఎలా ఉంటుంది? ఆవిడకి లాటిన్ రాకపోవచ్చు, ఇంట్లో చదువుకున్న ఏ మేనల్లుడో ఫోన్‌లో చూసి చెప్పేస్తాడు. ఆ ఫోన్‌లో మొదట కనబడేది పురుగుల కథే అయితే ఇక చెప్పేదేముంది!

ఈ రంగంలో ఉన్నవాళ్లు చాలా దేశాల్లో ఎప్పుడో ‘డిసీస్డ్ డోనర్’కి మారిపోయారు. దాని లాటిన్ మూలానికి అర్థం వెళ్లిపోవడం, మనం ‘పోయారు’ అంటామే, అచ్చం అదే. కాకపోతే తెలుగులో రాసేటప్పుడు ‘డిసీజ్డ్’ అని కొట్టి రోగమున్న దాతని చేసేయకండి, ఆ ఘనకార్యం కూడా చేయగలం మనం. అసలు ఇంగ్లీషు గొడవే లేకుండా ‘మరణానంతర దాత’ అని రాసేస్తే సరిపోయేదానికి పథకం పేరు పక్కన ఈ కెడావర్ ఇంకా ఎందుకు వేలాడుతోందో ఆ ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవాళ్లే చెప్పాలి.