ఐదుగురు కొడుకుల ఫార్వర్డ్

ఈ ఫార్వర్డ్ రావడం ఈ నెలలో ఇది నాలుగోసారి. “ఐదుగురు కొడుకులూ యుద్ధంలో పోయిన వితంతువుకు లింకన్ స్వహస్తాలతో రాసిన ఉత్తరం. ఆ తల్లి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. అసలు ప్రతి ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్ కళాశాల గోడ మీద ఉంది. పరామర్శకు వెళ్ళినప్పుడు చదివి వినిపించండి.” కింద మూడు దండాల బొమ్మలు. కొడుకు టీచరుకు లింకన్ రాశాడంటూ ఏ ఆధారమూ లేని ఉత్తరాన్ని ఏటా పంపేదీ ఈ మహానుభావులే. దాని సంగతి ఇప్పుడు వద్దు.

ఆక్స్‌ఫర్డ్ గోడ మీద అదేమీ లేదు. అసలు ప్రతి ఎక్కడా దొరకలేదు. చేతిరాతలా కనిపించే ప్రతులు 1891 నుంచి న్యూయార్క్‌లో అచ్చువేసి అమ్మినవి. ఆ వితంతువు లిడియా బిక్స్‌బీయే ఉత్తరాన్ని నాశనం చేసిందని ఆమె వంశంవాళ్ళే చెప్పుకున్నారు.

స్వహస్తాల మాట కూడా తేలలేదు. లింకన్ కార్యదర్శి జాన్ హే రాసి ఉంటాడని చాలామంది పరిశోధకుల అనుమానం. ఎవరు రాసినా మంచి ఉత్తరమే, పోనివ్వండి.

ఇక ఐదుగురు. ఆమె చెప్పింది నమ్మి మసాచుసెట్స్ సైనికాధికారి విలియం షౌలర్ గవర్నరుకు చెప్పాడు, అక్కడి నుంచి కబురు వాషింగ్టన్ చేరింది. 1864 నవంబరు 21 తేదీ వేసిన ఉత్తరం బోస్టన్‌లో 25న ఆమె చేతికి అందింది, అదే రోజు సాయంత్రం పత్రికకెక్కింది. ఆ అమెరికా అంతర్యుద్ధంలో పోరాడుతూ చనిపోయినట్టు రూఢి అయిన కొడుకులు ఇద్దరు: 1863 మేలో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర చార్లెస్, 1864 జూలైలో పీటర్స్‌బర్గ్ దగ్గర ఆలివర్. హెన్రీ శత్రువులకు చిక్కి, విడుదలై బతికాడు. ఎడ్వర్డ్ పటాలం వదిలి పారిపోయాడు. పట్టుబడ్డ జార్జ్ ఏమయ్యాడన్నదాని మీద రికార్డులు ఒకదానితో ఒకటి పొసగవు.

నాకు ఒళ్ళు మండేది కన్నీటి చుక్క దగ్గర. పక్కన కూర్చుని లెక్కపెట్టినవాళ్ళెవరు? ఉత్తరం మొదట్లోనే ఏముందో పంపేవాళ్ళు చదివారా? ఇంతటి దుఃఖం నుంచి మిమ్మల్ని మరల్చాలని నేను ఏ మాట అన్నా అది బలహీనమే, నిష్ఫలమే అని ఉంది. స్వేచ్ఛ బలిపీఠం మీద త్యాగం, గర్వం ఆ తర్వాత వస్తాయి, కాదనను. కానీ ఏడవకు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

పోయిన నెల మా బాబాయి గుండెపోటుతో పోయారు. తొమ్మిదో రోజున పలకరించడానికి వచ్చిన బంధువొకాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని, ఈ ఫార్వర్డంతా పిన్నికి చదివి వినిపించాడు. కరెంటు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన బాబాయి ఏ బలిపీఠం మీద ప్రాణాలర్పించారో ఆయనకే తెలియాలి. “చూశావా అమ్మా, ఐదుగురు పోయినా ఆవిడ ఏడవలేదు” అని ముక్తాయింపు ఒకటి. ఒక్కరే పోయారు కనుక పిన్నికి ఐదో వంతు కన్నీళ్ళే మంజూరు కాబోలు!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నేను ఆగలేక, “అంతా అబద్ధం. ఐదుగురు కాదు, ఇద్దరే పోయారు” అన్నాను. రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని పిన్ని తలెత్తి నా వైపు చూసింది.

“ఇద్దరే ఏమిటిరా?” అంది.

ఫోను పట్టుకున్న ఆయనా, నేనూ నోరు మూసుకుని కూర్చున్నాం.