పసుపు లైటుకు శాశ్వత పరిష్కారం

మా బావమరిది కారు డాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలిగింది. మధ్యలో గుండ్రటి వలయం, దానికి అటూ ఇటూ చిన్న చిన్న గీతలు. ఇలాంటి లైటు వెలిగినప్పుడు ఏం చేయాలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ముందు అది ఆరాలి. ఎందుకు వెలిగిందన్నది తర్వాతి సంగతి. ఆరాక ఇక తర్వాతి సంగతి ఉండదు.

మంగళవారం తెల్లవారుజామున తిరుమల ప్రయాణం. అందుకని ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో నిపుణుల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ముందుగా బానెట్ ఎత్తారు. అది మన ఆచారం. టైర్లో గాలి తగ్గినా సరే, బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూస్తేనే మనకు తృప్తి.

304 పెద్దాయన కరెంటు డిపార్టుమెంటులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యారు. ఆయన లైటు వంక తదేకంగా చూసి "ఎర్తింగ్ ప్రాబ్లం" అని తేల్చారు. ముప్పై రెండేళ్లూ జనానికి ఆయన ఇదే చెప్పి ఉంటారని నా అనుమానం. పక్క బ్లాకు సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. చేశారు. లైటు వెలిగింది. ఇంకోసారి అన్నాడు. అలా ఐదుసార్లు అయ్యాక అర్జెంటుగా ఆఫీసు కాల్ ఉందని వెళ్లిపోయాడు. ఆదివారం, పొద్దున ఏడున్నరకి.

ఇంతకీ ఆ బొమ్మ ఏమిటన్న చర్చ మొదలైంది. సూర్యుడన్నారు ఒకరు, అంటే ఇంజన్ వేడెక్కిందన్నమాట. కాదు, ఎయిర్‌బ్యాగ్ అన్నారు ఇంకొకరు. లైటు మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించేయమన్నాడు వాచ్‌మన్, ఖర్చు లేని పని. పాల ప్యాకెట్ల కోసం కిందికొచ్చిన రెండో అంతస్తు పిన్నిగారు తొంగి చూసి, "చక్రంలా ఉంది నాయనా! కొండకు వెళ్తున్నారు కదా, స్వామివారే కనిపించారు" అని దణ్ణం పెట్టుకున్నారు. అంత సభలోనూ చక్రం అనే మాట పలికింది ఆవిడ ఒక్కరే. మిగతా వాళ్లెవరూ నిజానికి అంత దగ్గరగా రాలేదు.

గ్లవ్ బాక్సులో కారుతో పాటు ఇచ్చిన పుస్తకం ఉంది, చూద్దామన్నాను. అందరూ నన్ను జాలిగా చూశారు. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదట. చింపితే కారు అమ్మేటప్పుడు రేటు పడిపోతుందట.

"ఆ బొమ్మ బ్రేక్ ప్యాడ్లదిరా, అవి అరిగాయి" అన్నాను.

"బ్రేకు పడుతోంది కదా బావా" అన్నాడు.

ఈ వాదనకు తిరుగులేదు. బ్రేకు పడకపోవడం ఒక్కసారే జరుగుతుంది, ఆ తర్వాత వాదించడానికి మనిషి మిగలడు.

ఈలోగా ఎవరో బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ తగ్గిందని కనిపెట్టారు. పోయండి, పోయండి అని ఒకటే ఉత్సాహం. బ్రేకు తొక్కితే చక్రంతో పాటు తిరిగే డిస్కును పట్టి ఆపేవే ఈ ప్యాడ్లు, వాటిని డిస్కుకు నొక్కేది క్యాలిపర్. ప్యాడ్ అరిగే కొద్దీ క్యాలిపర్లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది, పైన డబ్బాలో లెవెల్ తగ్గుతుంది. అంటే లైటు చెబుతున్న మాటే పాపం ఆ డబ్బా కూడా చెబుతోంది. దాని నోట్లో ఆయిల్ పోసి మూయించారు. ఇలా లైటు వెలిగించే సెన్సార్ లేని కార్లలో అయితే ప్యాడ్‌కు ఒక రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ బాగా అరిగితే అది డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. దానికి మనవాళ్లు ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు, పాటల సౌండ్ పెంచడం.

మధ్యాహ్నం బావమరిది కారు తీసుకుని షెడ్డుకు వెళ్లి, అరగంటలో వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చాడు. లైటు లేదు. ఖర్చు రెండు వందలు.

"సెన్సార్ ప్రాబ్లమే బావా. డైరెక్ట్ చేసేశాడు."

డైరెక్ట్ చేయడమంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. కొత్త ప్యాడ్ మందం పది పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది. దాని లోపల ఒక సన్నటి తీగ పెడతారు. ప్యాడ్ అరిగి అరిగి ఏ మూడు మిల్లీమీటర్లకో వచ్చేసరికి తిరిగే డిస్కు ఆ తీగను కోసేస్తుంది. సర్క్యూట్ తెగుతుంది, లైటు వెలుగుతుంది. తెగడమే ఆ తీగ ఉద్యోగం. అది తన ఉద్యోగం తాను చేసింది. మన మెకానిక్ వచ్చి, పైన రెండు వైర్లూ కలిపి మెలేసి, నల్ల టేపు చుట్టేశాడు. ఇప్పుడు ప్యాడ్ మొత్తం ఊడి రోడ్డు మీద పడినా ఆ లైటు వెలగదు. శాశ్వత పరిష్కారం.

కనెక్టర్లో బురద చేరినా, వైరు ఎక్కడో తెగినా కూడా ఆ లైటు వెలుగుతుంది, కాదనను. అది తేలాలంటే చక్రం విప్పి ప్యాడ్ చూడాలి. బయటిదే కాదు, లోపలిది కూడా. ఆ మెకానిక్ చక్రం విప్పలేదు. విప్పమని వీడూ అడగలేదు. రెండు వందలు పెట్టి నువ్వు కొనుక్కున్నదేమిట్రా? వెనక సీట్లో ఆరేళ్ల కూతుర్నీ, అమ్మనీ, అక్కనీ కూర్చోబెట్టుకుని, నీకేమీ తెలియకుండా ఉండే ఏర్పాటు కొనుక్కున్నావు. తిరుమల కొండ ఎక్కడానికి 28 నిమిషాలైనా పట్టాలని, దిగడానికి 40 నిమిషాలైనా పట్టాలని టైము పెట్టారంటే ఊరికే పెట్టారా? దిగేది 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీద. ఒంపు తర్వాత ఒంపు, బ్రేకు మీద కాలు తీయని డ్రైవరు. ప్యాడ్లు కాలిపోతే పట్టు జారుతుంది. ఆ వేడికి ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా అడుగు దాకా దిగిపోతుంది. అప్పుడు ఆ నల్ల టేపును తొక్కుతావా?

వీడొక్కడే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ముందు సీట్లలో బెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం 2019 జూలై నుంచి కొత్త కార్లలో తప్పనిసరి. మనం బెల్టు పెట్టుకున్నామా? ఆ అలారం నోరు నొక్కే క్లిప్పు కొనుక్కున్నాం. 2023 మేలో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల విభాగం కన్నెర్ర చేస్తే ఐదు ఆన్‌లైన్ కంపెనీలు ఆ క్లిప్పుల అమ్మకపు ప్రకటనలు 13,118 తీసేయాల్సి వచ్చింది. పదమూడు వేలు! మా వాడి కార్లోనూ ఒకటుంది. దాని మీద కారు కంపెనీ గుర్తు కూడా మెరుస్తూ ఉంటుంది. ఇక దసరాకు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఒక్క ఏడాది కూడా తప్పలేదు. నిమ్మకాయలు ఏటా మారుతున్నాయి. ప్యాడ్లే, కారు కొన్న నాటివి.

సోమవారం వాడు ఆఫీసుకు వెళ్లాక తాళాలు తీసుకుని వేరే షెడ్డుకు పోయాను. చక్రం విప్పారు. బయటి ప్యాడ్ గోరంత మిగిలింది. లోపలిదాంట్లో ఇనప ప్లేటు కనిపిస్తోంది. డిస్కు మీద అప్పుడే గీతలు మొదలయ్యాయి. కొత్త ప్యాడ్లు, కొత్త సెన్సార్ వేయించి, ఆ టేపు ముడి పీకించాను. మూడు వేల ఆరు వందలు.

సాయంత్రం బిల్లు చూసి బావమరిది తల పట్టుకున్నాడు. "నిన్ననే ఆరిపోయిన లైటుకు ఇంత తగలేశావా బావా!"

మంగళవారం వెళ్లాం, దర్శనం బాగా జరిగింది, బుధవారం 42 నిమిషాల్లో కొండ దిగాం. దారి పొడవునా అలారం మోగుతూనే ఉండటంతో చివరికి వాడు విసుక్కుంటూ బెల్టు పెట్టుకున్నాడు. సీటు బెల్టు క్లిప్పు ఎక్కడో పడిపోయిందని ఇంటికి వచ్చాక కూడా కారంతా వెతికాడు. ఇప్పటికీ అడుగుతుంటాడు, నువ్వేమైనా చూశావా బావా అని. హుండీలో వేశానని ఎలా చెప్పను?