ఫైరింజను పాలసీ నంబరు అడగదు

"ఏడాదికి 5 డాలర్లు. దానికింత రాద్ధాంతమా?" బీమా పాలసీల మీద ప్రభుత్వాలు వేసే రుసుముల గురించి ఎప్పుడు మాట్లాడినా మొదట వినిపించే మాట ఇదే. సరే, ఆ 5 డాలర్ల దగ్గరే మొదలుపెడదాం.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో బీమా ఉన్న ప్రతి కారు మీదా ఏటా ఒక ప్రభుత్వ రుసుము పడుతుంది. 1991లో కార్ల దొంగతనాలను అరికట్టే సంస్థ కోసమని 1 డాలరుతో మొదలైంది. 2011లో 2 డాలర్లయింది, 2019లో 4. కారు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ల చోరీలు ఎక్కువయ్యాయని 2023లో 5 చేశారు. నాకు ఆసక్తి కలిగించేది 2019 నాటి పెంపు. అంతకుముందు ఆ రాష్ట్రంలో తాగి నడిపినవారి మీద, లైసెన్సు లేకుండా నడిపినవారి మీద ఏళ్ల తరబడి అదనపు సొమ్ము వసూలు చేసి, అందులో కొంత ప్రమాదాల్లో తీవ్రంగా గాయపడినవారిని చూసే ఆసుపత్రుల ట్రామా విభాగాలకు ఇచ్చే పథకం ఉండేది. కట్టలేక లక్షల మంది లైసెన్సులు పోగొట్టుకోవడంతో దాన్ని ఎత్తేశారు. ఎత్తేయడం మంచిదే, అదో దుర్మార్గపు పథకం. మరి ట్రామా విభాగాలకు డబ్బెలా? కొంత ట్రాఫిక్ జరిమానాలు పెంచారు, కొంత బీమా రుసుమును రెట్టింపు చేసి సర్దారు. తాగి నడిపినవాడి మీద ఉన్న భారంలో ఒక వాటా, వేళకు ప్రీమియం కట్టుకుంటూ తన మానాన తాను బండి నడుపుకునేవాడి మీదికి వచ్చిపడింది. బీమా లేకుండా తిరిగేవాడి మీద మాత్రం పైసా పడలేదు. వాడికి పాలసీయే లేదు కదా, రుసుము దేని మీద వేస్తారు?

నా గొడవ 5 డాలర్లతో కాదు. ఆ 5 డాలర్లకు ఎవరిని ఎంచుకున్నారన్నదే నా గొడవ. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారే, ఇది సరిగ్గా అదే.

ఇల్లు కాలిపోతే, వరద ముంచితే బీమా ఉన్నవాడు కంపెనీ దగ్గరికి వెళతాడు. లేనివాడు ప్రభుత్వ సహాయం కోసం ఎదురుచూస్తాడు. అంటే బీమా తీసుకున్నవాడు తన కష్టానికి తానే ఏర్పాటు చేసుకుని ఖజానా మీద భారం తగ్గిస్తున్నాడు. పొగాకు మీద పన్ను వేస్తే వాడకం తగ్గాలని వేశారనుకోవచ్చు. బీమా మీద వేసి ఏం తగ్గించాలనుకుంటున్నారు?

ఈ వ్యవహారం పరాకాష్ఠకు చేరిన చోటు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్. అక్కడ అగ్నిమాపక, అత్యవసర సేవల ఖర్చులో 73.7 శాతం బీమా కంపెనీలు భరించాలని చట్టం. స్థానిక మండళ్లు 11.7 శాతం ఇస్తాయి. మిగిలిన 14.6 శాతమే ప్రభుత్వానిది. కంపెనీలు తమ జేబులోంచి కడతాయా? ఆ మొత్తాన్ని ఎమర్జెన్సీ సర్వీసెస్ లెవీ (అత్యవసర సేవల రుసుము) పేరుతో పాలసీదారుల మీదికి నెడతాయి. దాని మీద 10 శాతం జీఎస్టీ. ఆ జీఎస్టీతో కలిపిన మొత్తం మీద మళ్లీ 9 శాతం స్టాంపు డ్యూటీ. ఒక ఇంటి పాలసీ మీద లెవీ 200 డాలర్లు పడిందనుకోండి, దాని మీది పన్ను, ఆ పన్ను మీది పన్ను కలిసి దాదాపు 240 అవుతుంది. అసలు ప్రీమియం సంగతి నేనింకా ఎత్తనే లేదు. పక్కింటివాడు పాలసీ తీసుకోలేదు. వాడి వంటింట్లో మంటలు లేచినా అదే ఫైరింజను అదే వేగంతో వస్తుంది. రావాలి కూడా. కానీ దాని డీజిల్ ఖర్చు ఎవరిది?

దీనికో చరిత్ర ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 1666లో లండన్ తగలబడ్డాక పుట్టిన అగ్ని బీమా కంపెనీలు సొంత ఖర్చుతో మంటలార్పే దళాలను నడిపాయి. తాము బీమా చేసిన ఇళ్లకు గుర్తుగా లోహపు బిళ్లలు కొట్టేవి. 1865 చట్టంతో ఆ బాధ్యత ప్రభుత్వ సంస్థకు వెళ్లినప్పుడు, బీమా చేసిన ప్రతి 10 లక్షల పౌన్లకు 35 పౌన్ల చొప్పున కంపెనీలు ఇవ్వాలన్నారు. ఆనాటికి అది న్యాయమే. మంట త్వరగా ఆరితే లాభపడేది కంపెనీలే. కానీ ఇవాళ ఆ దళాలు రోడ్డు ప్రమాదాల్లో ఇరుక్కున్నవారిని బయటికి తీస్తాయి, వరదల్లో పడవలు నడుపుతాయి, రసాయనాలు ఒలికితే శుభ్రం చేస్తాయి. వీటిలో ఏది ఇంటి పాలసీదారు ప్రత్యేక లాభం? ఆ లెక్క మాత్రం 19వ శతాబ్దం దగ్గరే ఆగిపోయింది.

పొరుగునే ఉన్న విక్టోరియా రాష్ట్రం ఇందులోంచి బయటపడింది. 2009 ఫిబ్రవరిలో కార్చిచ్చుల్లో 173 మంది చనిపోయాక వేసిన రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం, బీమా మీది ఫైర్ లెవీని తీసేసి ఆస్తులన్నిటి మీదా వేయమని చెప్పింది. 2013 జూలై 1 నుంచి అలాగే చేశారు. లెవీ పోయినా కంపెనీలు ప్రీమియం తగ్గించకుండా మింగేస్తాయేమోనని కనిపెట్టడానికి ఒక అధికారిని కూడా నియమించారు. (ఈ జాగ్రత్త నాకు అన్నిటికంటే నచ్చింది.)

అసలు తమాషా తరువాత జరిగింది. 2025లో ఆ ఆస్తి లెవీని మార్చి, పెంచుతామని ప్రభుత్వం అనగానే రైతులు, స్వచ్ఛంద అగ్నిమాపక దళాలవారు పార్లమెంటు ముందుకు వచ్చి నిరసన తెలిపారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి రైతులకు పెంపును వాయిదా వేసింది. వాళ్ల వాదన ఒప్పా తప్పా అన్నది వేరే చర్చ. పన్ను కంటికి కనిపించింది కాబట్టి వాదన జరిగింది. బీమా బిల్లులో కలిసిపోయిన రుసుము పెరిగితే జనం తిట్టేది కంపెనీని. పెంచినవాడు హాయిగా ఉంటాడు. న్యూ సౌత్ వేల్స్ కూడా 2017లో ఆస్తి లెవీకి మారాలనుకుని, అమలుకు నెల రోజుల ముందు ఆపేసింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కొత్త పన్ను నోటీసు మీద ప్రభుత్వం పేరు ఉంటుంది.

బ్రిటన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. 1994లో బీమా ప్రీమియం పన్ను 2.5 శాతంతో మొదలైంది. 2016లో 9.5 నుంచి 10 శాతానికి పెంచినప్పుడు, ఆ సొమ్ము వరద రక్షణ పనులకేనన్నారు. వరదలకు భయపడి పాలసీ తీసుకున్నవాడి దగ్గరే వరద గట్ల ఖర్చు! మరుసటి ఏడాదే 12 శాతం చేశారు, ఈసారి వరదల ఊసు లేదు.

మరి ఇలాంటి రుసుము ఎక్కడా తగదా? ఒక చోట ఒప్పుకుంటాను. బీమా లేని బండి గుద్దితే, గుద్ది పారిపోతే, బాధితుడికి ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే, దానికి మోటారు బీమా నుంచి కొంత తీసుకోవచ్చు. అక్కడ కూడా మన దేశం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం నాకు కాస్త సబబుగా అనిపించింది. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా చికిత్స. బండికి బీమా ఉంటే ఖర్చు బీమా కంపెనీల విరాళాల నిధి నుంచి, లేకపోతే కేంద్ర బడ్జెట్ నుంచి. బీమా లేనివాడి తప్పును ఉన్నవాడి నెత్తిన రుద్దకుండా అందరి పన్నుల్లోంచి తీయడం కనీసం దాపరికం లేని పద్ధతి. ఇదే దేశం వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 దాకా వసూలు చేసింది. ఆ తేదీన తీసేసినందుకు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. సొంత కార్లు, బైకుల బీమా మీద అది ఇంకా అలాగే ఉంది, ఎదుటివారికి జరిగే నష్టం కోసం చట్టప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమాతో సహా. ముందు పాలసీ తీసుకోకపోతే నేరమంటారు, తీసుకుంటే పన్నంటారు. ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమని అడిగితే తప్పా?