బ్లాక్ ఐస్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్లాక్ ఐస్ గారికి,

డాలస్ నుంచి ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీరు కుశలంగా ఉన్న రోజున మాకు కుశలం ఉండదు.

మంచు పడితే తెల్లగా కనిపిస్తుంది, మనిషి జాగ్రత్తపడతాడు. మీకా మర్యాద లేదు. రోడ్డు మీద గడ్డకట్టిన నీటి పొరే అయినా అద్దంలా పల్చగా పరుచుకుని, కింది తారు రంగే చూపిస్తూ పడుకుంటారు. చూసినవాడు "తడిగా ఉందిలే" అనుకుని యాక్సిలరేటర్ తొక్కుతాడు.

వంతెనలంటే మీకు మహా ఇష్టం. మామూలు రోడ్డుకి నేల వెచ్చదనం కాస్తయినా అందుతుంది, వంతెనకు పైనా కిందా చలిగాలే. అందుకే మీ కాపురం ముందు అక్కడే మొదలవుతుంది. మావాళ్లు 635, 75 రోడ్లు కలిసేచోట హై ఫైవ్ అనే ఐదంతస్తుల వంతెనల కూడలి కట్టి 2005లో పూర్తిచేశారు. మీ సౌకర్యం కోసమేనేమో! వంతెన మీద ఐస్ ఉంటుంది జాగ్రత్త అన్న బోర్డులు ఆగస్టు ఎండల్లోనూ నిలబడే ఉంటాయి. అప్పుడెవరూ చదవరు. జనవరిలోనూ చదవరనుకోండి.

ఇక్కడ పికప్ ట్రక్కు ఉన్న ప్రతివాడికీ ఒకటే ధీమా, "నాది ఫోర్ వీల్ డ్రైవ్". కదలడానికి అది సాయపడుతుంది, నిజమే. ఆగడానికి మాత్రం అందరికీ ఉన్నవి ఆ నాలుగు చక్రాలే. ఇక మావాడు, హైదరాబాద్‌లో పదేళ్లు బండి నడిపినవాడు, మీ మీద జారుతూ హారన్ కొడతాడు. మీరు పక్కకు తప్పుకుంటారని ఆశ! చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, వెళ్లాల్సిన వైపు చూస్తూ స్టీరింగ్ తిప్పాలి. మావాడేమో, పాదం కింద ఏబీఎస్ గడగడ మొదలవగానే బండి పాడైందనుకుని కాలు తీసేస్తాడు.

2021 ఫిబ్రవరి 11న డాలస్ పక్కనున్న ఫోర్ట్ వర్త్‌లో ఐ-35డబ్ల్యు హైవే మీద మీరు చేసినదాన్ని మాత్రం వేళాకోళంలో కలపలేను. 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు పోయారు. ఐస్ కట్టకుండా ఆ లేన్లకు ఉప్పునీళ్లు చల్లింది దాదాపు రెండు రోజుల ముందు. ఆ తర్వాత పట్టించుకోనిది మనుషులే, కాబట్టి నేరం మొత్తం మీ ఖాతాలో వేయను.

కాలినడకన వచ్చేవాళ్లకు మీరిచ్చే గౌరవం వేరు. గుళ్లో కూడా వంగని పెద్దమనుషులు మా అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ ముందు మీకు సాష్టాంగపడతారు, అదీ జేబుల్లోంచి చేతులు తీయకుండా. పాదం మొత్తం ఆనించి, చిన్న చిన్న అడుగులతో, కాస్త ముందుకు వంగి నడవమంటే మా మామగారికి నామోషీ. హవాయి చెప్పులతో చెత్త పారేయడానికి బయల్దేరతారు.

మీకు సరైన జవాబు మా అత్తగారు. దిష్టి తీయడానికి దాచుకున్న రాళ్ల ఉప్పు గుప్పెడు తీసుకుని గుమ్మం మెట్ల మీద చల్లేశారు. ఉప్పు కలిస్తే నీళ్లు గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చలి కావాలి, మెట్లు కాసేపటికి తేరుకున్నాయి. అయితే చలి మైనస్ 9 డిగ్రీలు దాటితే ఆ ఉప్పు పని బాగా మందగిస్తుంది. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 పడింది. అంతటి దిష్టి తీయడం ఆవిడ వల్ల కూడా కాదు.

ఇట్లు,
గోడ పట్టుకుని నడిచే మీ విధేయుడు

తా.క.: ఆఫీసు మెయిల్ ఇప్పుడే వచ్చింది. రోడ్లు ప్రమాదకరంగా ఉన్నాయట, జాగ్రత్తగా టైముకి రమ్మన్నారు. మీకూ కాపీ పెట్టారేమో చూసుకోండి.