పాఠం పరకాల దాకా వచ్చింది, సందేహం ఎవరు తీర్చాలి?

పోయిన నెల మా మేనకోడలు తన నోట్‌బుక్ పేజీ ఒకటి ఫొటో తీసి, అమెరికాలో డాలస్‌లో ఉండే నాకు వాట్సాప్‌లో పంపింది. మార్జిన్ పొడుగునా ఎర్ర పెన్నుతో అన్నీ టైములే. 12:40, 19:05, 27:30. వీడియోలో ఆ నిమిషాల దగ్గర అర్థం కాలేదని గుర్తు పెట్టుకుందట. పరకాల నుంచి రోజూ బస్సులో హనుమకొండ వెళ్లి డిగ్రీ చదివే పిల్ల, రాత్రి అన్నం తిన్నాక స్టీలు గ్లాసుకు ఫోన్ ఆనించి, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ అనే ప్రొఫెసర్ చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా లెక్కల పాఠాలు వింటున్నది. నెట్ ప్యాక్ తప్ప పైసా ఖర్చు లేదు, ఎవరి రికమండేషనూ అక్కర్లేదు.

ఇది ఎంత పెద్ద సంగతో తొంభైల్లో వరంగల్‌లో చదివిన నాకు తెలుసు. మా కాలేజీలో మంచి పుస్తకాలన్నీ అద్దాల బీరువాలో ఉండేవి, దానికి తాళం, ఆ తాళంచెవి ఉన్నాయన ఎప్పుడు చూసినా సెలవులోనే. 1959లో మొదలైన ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఇప్పటి నిట్, మా ఊళ్లోనే ఉంది కానీ సీటు రాని మాకు ఆ గోడల లోపల ఏం పాఠం చెబుతున్నారో తెలిసే దారే లేదు. ఇప్పుడో, ఐఐటీ, ఐఐఎస్సీ ప్రొఫెసర్ల పాఠాలు 2003లో మొదలైన ఎన్‌పీటెల్, 2017లో వచ్చిన స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికల్లో ఎవరైనా చూడొచ్చు. ఎంఐటీ అయితే తన కోర్సుల సామగ్రిని ఉచితంగా నెట్‌లో పెడతామని 2001లోనే చెప్పింది.

ఇంత ఉన్నా ఆ పిల్ల మార్జిన్ నిండా ఎర్ర అంకెలు ఎందుకున్నాయి?

"మామా, కాలమ్ పిక్చర్ అంటే ఏందో సమజైతలేదు" అన్నది. మొదటి పాఠంలో స్ట్రాంగ్ రెండు సమీకరణాలను ముందు గీతలుగా గీసి, మళ్లీ అదే లెక్కను బాణాలుగా చూపిస్తారు, ఆ బాణాల బొమ్మే కాలమ్ పిక్చర్. అది ఆరుసార్లు వెనక్కి తిప్పి చూసిందట. వీడియో ఆరుసార్లూ అదే ఇంగ్లిష్‌లో అదే మాట చెబుతుంది కదా. అమ్మ వాకిట్లో వేసే చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకో అన్నాను. ఒక చుక్క మీద నిలబడు. మొదటి బాణం రెండు చుక్కలు కుడికి, ఒకటి కిందికి. రెండోది ఒకటి ఎడమకు, రెండు పైకి. మొదటిది ఒకసారి, రెండోది రెండుసార్లు నడిచి ఎక్కడ తేలావో చూడు. కాసేపు అటువైపు చప్పుడు లేదు. తర్వాత "సీదా మూడు చుక్కలు పైన మామా!" అని ఒక్క అరుపు, ఏమైందే అనుకుంటూ మా అక్క వంటింట్లోంచి ఉరికొచ్చింది. అక్కడికి చేరాలంటే ఏ బాణం ఎన్నిసార్లు నడవాలన్నదే లెక్క, ఆ ఒకటి, రెండే దానికి జవాబు.

కరోనాలో కూడా ఇదే చూశాం. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానెళ్లలో బడి పాఠాలు ఇంటింటికీ వచ్చాయి, మంచి పని, కానీ పిల్లలు టీవీని ఎదురు ప్రశ్న అడగలేకపోయారు.

అమెరికాలో మన తెలుగు సంఘాలు ఏటా ఊళ్లకు డబ్బు పంపుతున్నాయి, కంప్యూటర్లు కొనిస్తున్నాయి. మానమని అనను. నాకు తెలిసిన ఒక బడిలో అలా వచ్చిన కంప్యూటర్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, చూసినప్పుడు కడుపు తరుక్కుపోయింది. చదువూ సర్కారు కొలువూ ఉర్దూలో నడిచిన నిజాం కాలంలో, 1904లోనే, హనుమకొండలో మనవాళ్లు శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్నారు. తెలుగు చదువు కోసం అంత కష్టపడినవాళ్ల ఊరి పిల్లలు ఇవాళ ఇంగ్లిష్ పాఠం ముందు ఒంటరిగా కూర్చుని తికమకపడుతుంటే మనకు వారానికి ఒక గంట దొరకదా? ఈ పత్రిక చదివేవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, లెక్చరర్లున్నారు. ఒక పిల్ల, ఒక సబ్జెక్టు, ఒక గంట, ఇంట్లో మాట్లాడే తెలుగులో. నేను అడిగేది ఇంతే.

డాలస్‌లో ఇప్పుడు శనివారం రాత్రి తొమ్మిదిన్నరంటే పరకాలలో ఆదివారం పొద్దున ఎనిమిది. మొదట్లో ఫోన్ ముందు ఒక్కతే కూర్చునేది, పోయిన వారం నుంచి ఇద్దరు ఫ్రెండ్స్‌ను కూడా తెచ్చుకుంటున్నది. అందులో ఒకమ్మాయికి ఆర్గానిక్ కెమిస్ట్రీలో డౌట్లు, అది నాకు రాదు. ఆ సబ్జెక్టు వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ శనివారం నాతో పాటు కాల్‌లోకి రండి.